నల్లకోటు తొడుక్కున్న కంప్యూటరు

ఆ ఉదయం ఆకాశం మబ్బుపట్టి, కురవాలో వద్దో తేల్చుకోలేక ఊగిసలాడుతోంది. కింద దర్జీ ఇంట్లో తేల్చుకోవడానికి ఒక పద్ధతుంది. ట్రయల్ వేసి చూడనిదే అతను చొక్కా కూడా ఇవ్వడు, డబ్బిస్తాడా? కొడుకు పాత కంప్యూటరు పాడైంది. వాడికి కావాల్సిందేమో రెండు చేతులా పట్టుకుని ఆటలాడే కంప్యూటరట. "కాలేజీ పనులన్నీ దీంట్లోనే అయిపోతాయి నాన్నా" అని పోరుపెట్టి, గీత పడకుండా సాయంత్రానికి తిరిగిస్తాననే షరతు మీద దుకాణం నుంచి తెచ్చాడు.

"సరే, ఇవాళ ఇవ్వాల్సిన రిపోర్టు దీంతోనే రాసివ్వు. రాస్తే కొంటా. లేదంటే మళ్లీ దీని పేరెత్తకు" అన్నాడు దర్జీ.

కొడుకు మంచమ్మీద పడుకుని మొదలుపెట్టాడు. బొటనవేళ్లు టకటకలాడుతుంటే దర్జీ మురిసిపోయాడు.

"చూశావటే, ఎంత స్పీడుగా రాస్తున్నాడో!"

"రిపోర్టు రాసేవాడు 'చావరా చావు' అని అరుస్తాడా?" అంది భార్య.

పట్టుబడ్డవాడు నిజంగానే రాతలోకి దిగాడు. అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. కీబోర్డు కావాలన్నాడు. అది తగిలిస్తే చార్జరుకు చోటు లేదు. ఉన్న కన్నం ఒక్కటే. ఒక కన్నాన్ని నాలుగు చేసే డబ్బా పక్కింటి నుంచి వచ్చింది. తెర చాలక గోడ మీది టీవీ దిగింది. ఇన్నిటినీ మోయడానికి దర్జీ కత్తిరింపు బల్లే దొరికింది.

"జేబులో పట్టేస్తుందన్నావు కదరా?"

"అది పడుతుంది నాన్నా. మిగతావే పట్టవు."

బల్ల మీది బట్టలు ఓ మూలకు కుప్పపడ్డాయి. ఇంత సందడిలో గీత పడుతుందేమోనని దర్జీకి గుబులు పుట్టింది. పైగా దర్జీ ఇంట్లో వస్తువు బట్ట లేకుండా ఉంటే నలుగురూ నవ్వరూ? కుప్పలోంచి ఓ నల్లముక్క లాగి, దూది కుక్కి, తొడుగు కుట్టి, నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే అందులోకి దూర్చాడు. గాలి పోయే సందు కూడా వదల్లేదు, పనితనం అలాంటిది.

మధ్యాహ్నం వకీలు కోటు ట్రయల్‌కు వచ్చాడు. కుడిచెయ్యి తొడిగాడు. ఎడమచెయ్యి కోసం ఇల్లంతా గాలించారు.

"అదిగో, మీ కంప్యూటరుగారు వేసుకున్నారు" అని చూపించింది భార్య.

"రేపు నా కేసుందయ్యా!"

"వాదించేటప్పుడు తమరు ఊపేది కుడిచెయ్యే కదండీ" అన్నాడు దర్జీ, పాలిపోయిన మొహంతో.

వకీలు చెప్పదలచుకున్నది చెప్పేలోపే టీవీ నల్లబడింది. కోటులో ఉడికిపోయి కంప్యూటరు ఆరిపోయింది. రాసిన రిపోర్టు దాంతోపాటే పోయింది. కొడుకు నెత్తి కొట్టుకుంటూ వీధిలోకి పరుగెత్తాడు. తెల్లారేసరికి కోటు కుట్టి ఇస్తానని వకీలును సాగనంపి, దర్జీ తొడుగు విప్పి, జ్వరమొచ్చిన పిల్లాడికి విసిరినట్టు దానికి విసురుతూ కూర్చున్నాడు.

పొద్దువాలే వేళకు కొడుకు వెలిగిపోతూ వచ్చాడు. "ఇచ్చేశా నాన్నా! కాలేజీ కంప్యూటరు గదిలో కూర్చుని గబగబా రాసేశా!"

"అక్కడ చోటు దొరికిందా?"

"బోలెడు ఖాళీ! అసలెవరూ రారక్కడికి..." అని నాలుక కరుచుకున్నాడు.

"గీత పడలేదు, ప్రాణం కూడా వచ్చింది. దుకాణం మూసేలోపు ఇచ్చేసి రా" అన్నాడు దర్జీ.

"పాపం, దాన్నేమీ అనకండి. అది ఆరిపోయాకే కదా వీడి చదువు వెలిగింది" అంది భార్య.

కొడుకు ఇచ్చేసి వచ్చాక వైర్లు పక్కకు నెట్టి బల్ల మీదే కంచాలు పెట్టుకున్నారు. ముగ్గురూ తలలెత్తకుండా తిన్నారు. ఆ రోజు ఆ బల్ల మీద మొదలుపెట్టి పూర్తిచేసిన పని అదొక్కటే.