పన్నెండో ఉద్యోగి వయసు రెండేళ్లు

2019 ఫిబ్రవరి ఇరవై రెండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం మేం తిన్నది లహ్మజూన్. పల్చటి రొట్టె మీద కైమా పరిచి కాలుస్తారు, నిమ్మకాయ పిండుకుని చుట్ట చుట్టుకుని తింటారు. తిన్న చోటు మా బావమరిది జావెన్‌కు ఫ్రెస్నోలో ఉన్న రేడియేటర్ల షాపు. అందులోనూ టంకం వేసే బల్ల. ఓ ట్రాక్టర్ రేడియేటర్‌ని పక్కకు జరిపి, బల్లని అరచేత్తో ఒక్క తుడుపు తుడిచి, అదే చేత్తో జావెన్ నాకు రొట్టె అందించాడు.

అప్పుడే రాష్ట్ర ప్రభుత్వం వారి కవరు వచ్చింది.

పాఠకులారా, రోగాలు రాకుండా ఉండడానికి జనం టీకాలు, పథ్యాలు, పొద్దున్నే నడకలు అంటూ నానా అవస్థలూ పడుతున్నారు. అవేవీ అక్కర్లేదు. రుసుము కడితే చాలు! తొమ్మిదేళ్ల అనుభవంతో చెబుతున్నాను.

కాలిఫోర్నియాలో సీసంతో పనిపడే వ్యాపారాల వాళ్లు ఏటా ఒక రుసుము కట్టాలి. పనివాళ్ల ఒంట్లోకి సీసం విషం ఎక్కకుండా చూసే కార్యక్రమానికి ఆ సొమ్ము పోతుంది. పనివాళ్ల సంఖ్యను బట్టి రుసుము. మా షాపులో పదకొండు మంది. పాత ఇత్తడి రేడియేటర్ల అతుకులు మంటతో కరిగించి మళ్లీ అతకడం వాళ్ల పని. ఆ అతుకుల్లో ఉండేది సీసమే.

నా భార్య సిరానూష్ పోయాక నేను ఇంట్లో టీకెటిల్‌తో మాట్లాడుతూ కూర్చుంటే, ఆమె తమ్ముడు జావెన్ నన్ను లాక్కొచ్చి షాపు కాగితాల ముందు కూర్చోబెట్టాడు. కాలేజీ చదువు చదివినవాణ్ణి చూస్తే కాగితాలు భయపడతాయని వాడి నమ్మకం.

"మళ్లీనా బావా? పోయినేడే కట్టాం కదా."

"ఏటా కట్టాలిరా."

"అంటే పోయినేడు డబ్బిచ్చి పడుకోబెట్టిన సీసం ఈ ఏడు మళ్లీ లేచిందా?"

"కట్టకపోతే లేస్తుంది."

"అయితే కట్టెయ్. కట్టాక రాదుగా?"

"రాదు. కట్టాంగా."

కట్టాం. రశీదు వచ్చింది. జావెన్ దానికి అద్దం బిగించి, టంకం బల్లకు సరిగ్గా పైన మేకు కొట్టి తగిలించాడు. చూడండి ఎంత శాస్త్రీయమైన ఏర్పాటో! కింద మంట వెలుగుతుంది, సీసం కరుగుతుంది, పొగ పైకి లేస్తుంది. లేచి రశీదు చూస్తుంది. సంతకం, తేదీ అన్నీ సక్రమంగా ఉన్నాయని నిర్ధారించుకుని, సిగ్గుపడి, కిటికీలోంచి వెళ్లిపోతుంది. కిటికీ మూసే ఉంటుంది, అది వేరే సంగతి.

తెలివితక్కువ షాపులు కొన్ని ఉన్నాయి. బల్ల మీద పొగ లాగేసే గొట్టం పెట్టిస్తారు. చేతులు కడుక్కోవడానికి వేడినీళ్లు పెట్టిస్తారు. అన్నం తినడానికి వేరే గదట! పనివాళ్ల రక్తం తీసి పరీక్ష చేయిస్తారట! రుసుమూ కట్టి ఇవన్నీ కూడానా? సినిమా టికెట్టు కొన్నవాడు తెర కూడా తనే కుట్టుకుంటాడా?

ఈ పద్ధతిని అన్నిటికీ విస్తరించాలని నా మనవి. పుచ్చుపళ్ల నివారణ రుసుము కట్టి బక్లావా మిఠాయి పళ్లేన్ని ఒళ్లో పెట్టుకోవచ్చు. గురక నివారణ రుసుము మొగుడు కడితే పెళ్లాం హాయిగా నిద్రపోవచ్చు. మునక నివారణ రుసుము కట్టినవాడికి ఈత నేర్పడం ప్రభుత్వ సొమ్ము దండగ చేయడమే.

కవరులో రుసుము కాగితంతోబాటు ఇంకో కాగితం కూడా వస్తుంది. ఈ నంబరుకు ఫోన్ చేయండి, మీ షాపులో ఏం మార్చుకోవాలో ఊరికే చెబుతాం అని దాని సారాంశం. ఊరికే వచ్చేదాని మీద జావెన్‌కి నమ్మకం లేదు. తొమ్మిదేళ్ల కాగితాల్నీ మడిచి కంప్రెసర్ కాలి కింద పెట్టాడు. అది కదలకుండా నిలబడింది. ప్రభుత్వం వల్ల ఉపయోగం లేదని ఎవరన్నారు?

ఇలా మా షాపు సర్వరక్షితంగా ఉండగా, మార్చిలో ఓ రోజు నికానోర్ ఆలస్యంగా వచ్చాడు. మా పదకొండు మందిలో అతుకు వేయడంలో అతని చేతికి తిరుగులేదు. అతని కూతురు ఇత్సెల్‌కు రెండేళ్లు. రెండేళ్లకి చేసే రక్తపరీక్షలో సీసం పద్దెనిమిది వచ్చింది. ఉండాల్సినది సున్నా.

"ఆసుపత్రి వాళ్లు ఇంటికొచ్చి, సీసం ఉందేమోనని గోడల రంగు చూశారు, కుండలు చూశారు, ఏమీ లేదు," అన్నాడు నికానోర్ టోపీ చేతిలో నలుపుకుంటూ. "చివర్లో నర్సమ్మ నా చొక్కా చూసింది. ఏం పని చేస్తావంది. చెప్పాను. ఇంటికెళ్లగానే పిల్ల మీదికెక్కుతుందా అంది. ఎక్కకుండా ఎలా ఉంటుంది పెద్దాయనా? కారు చప్పుడు వింటేనే పరిగెత్తుకొస్తుంది. నా కాలరు నములుతూ నిద్రపోతుంది."

"రుసుము కట్టాంగా," అన్నాడు జావెన్. వాడి గొంతులో నిజమైన ఆశ్చర్యం ఉంది.

"ఆ కాగితం మా పిల్లకి చదవడం రాదు జావెన్ గారూ."

"నీ పిల్ల ఇక్కడ పనిచేస్తోందా? రశీదులో పదకొండు మందే ఉన్నారు."

"మార్చుకోవడానికి ఒక గది ఇవ్వండి. కడుక్కోవడానికి వేడినీళ్లు. అంతే. అప్పటిదాకా దాన్ని ఎత్తుకోను." టోపీ పెట్టుకున్నాడు. "నిన్న చేతులు చాచింది. వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను."

జావెన్ అన్నది చట్టప్రకారం అక్షరాలా నిజం. పొరపాటు ఎక్కడుందో నాకు వెంటనే తట్టింది. ఇత్సెల్‌ను ఉద్యోగంలో పెట్టుకోకపోవడం! పన్నెండో ఉద్యోగి. పని: తండ్రి కాలరు నమలడం. వేళలు: సాయంత్రం ఆరు నుంచి నిద్రపోయేదాకా. జీతం: పాలు. చొక్కాలు ఉతికే వాళ్లమ్మ పదమూడో ఉద్యోగి, ఆ చొక్కా పడుండే సోఫా పద్నాలుగోది. అందరికీ రుసుము కట్టేస్తే సీసం తలొంచుకుని ఫ్రెస్నో వదిలిపోతుంది.

ఇదంతా రాష్ట్రం వాళ్లకు గట్టిగా వినిపిద్దామని, కంప్రెసర్ కాలి కింద నుంచి ఒక కాగితం లాగి ఫోన్ చేశాను. కంప్రెసర్ ఒరిగింది. అవతల ఒకావిడ ఎత్తింది. తొమ్మిదేళ్లుగా రుసుము తింటూ ఏం చేస్తున్నారమ్మా అని మొదలుపెట్టాను. ఆమె పూర్తిగా విని, మెల్లిగా మూడు ప్రశ్నలు అడిగింది.

"మీవాళ్లు భోజనం ఎక్కడ చేస్తారండీ?"

"టంకం బల్ల మీద."

"చేతులెక్కడ కడుక్కుంటారు?"

"ప్యాంటుకి తుడుచుకుంటారు."

"ఇంటికి ఏ బట్టలతో వెళ్తారు?"

ఆవిడ తిట్టలేదు. ఆ పూట నాకు దొరికిన దయ అదొక్కటే. "రాసుకోవడానికి పెన్నుందా?" అంది. చాలాసేపు చెప్పింది. చాలాసేపు రాసుకున్నాను.

పాఠకులారా, రుసుము మీద నాకేం ఫిర్యాదు లేదు. ఈ కథలో తన పని తాను చేసింది అదొక్కటే. ఆ సొమ్ముతో ఒక మనిషిని ఫోను దగ్గర కూర్చోబెట్టారు, తొమ్మిదేళ్లు ఆ మనిషి మా పిలుపు కోసం ఎదురుచూసింది. నా ఫిర్యాదల్లా చదువుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఏటేటా మొదటి కాగితం మాత్రమే చదివిన ఒక పెద్దమనిషి మీద. రాదు, కట్టాంగా అన్నది జావెన్ కాదు.

నా కాగితాల గది ఖాళీ చేశాం. సబ్బు, వేడినీళ్ల షవరు, పదకొండు బీరువాలు. బల్ల మీద పొగ గొట్టం. బిగిస్తున్నన్ని రోజులూ జావెన్ సణిగాడు: "స్నానాలగది కట్టించుకున్న రేడియేటర్ల షాపు నాదే అయ్యుంటుంది. రేపు తువ్వాళ్లకి అత్తరు కూడా కొట్టమంటారు."

"కొట్టండి," అన్నాడు నికానోర్. "నాకు గులాబీ."

జావెన్ నవ్వలేదు. మర్నాడు పిల్లల సబ్బు డజను తెచ్చి, ఎవరూ చూడట్లేదనుకుని, షవరు పక్కన పేర్చాడు.

జూన్‌లో ఇత్సెల్ పరీక్ష తొమ్మిది. సగం తగ్గింది. జరిగిన చెరుపు ఎంతో ఇప్పుడే చెప్పలేమని, మాటలు వస్తున్న తీరు గమనిస్తూ ఉండమని డాక్టరు అన్నాడు. మాటలు వస్తున్నాయి. "నా" అనేది అన్నిటికంటే గట్టిగా అంటుందట.

ఆ వారం శుక్రవారం సాయంత్రం వాళ్లమ్మ పిల్లని తీసుకుని షాపు ముందు కారులో ఆగింది. లోపల షవరు చప్పుడు మామూలు కంటే ఎక్కువసేపు వినిపించింది. నికానోర్ తడి జుట్టుతో, ఉతికిన చొక్కాతో బయటికొచ్చాడు. గోళ్లు వెలుతురుకి పట్టి చూసుకున్నాడు. మళ్లీ లోపలికెళ్లి ఇంకోసారి కడుక్కుని వచ్చాడు. బయట పిల్ల కారు కిటికీ అద్దాన్ని అరచేతులతో కొడుతోంది.

అతను పని బట్టలున్న గది దీపం ఆర్పి, ఆ రాత్రికి తలుపు చప్పుడు కాకుండా మూసి, చేతులు చాచి కారు వైపు నడిచాడు.