కూజాలో ఇరుక్కున్న చెయ్యి

ఈ రోజు దేన్నీ ముట్టుకోకూడదని పొద్దున్నే బూట్లు తొడుక్కుంటూ నిర్ణయించుకుంది ధడేల్. నడిస్తే బల్లలకూ, పరిగెడితే మనుషులకూ తగులుకునే ఆ పిల్లకి తోటివాళ్ళు పెట్టిన పేరది. బడికి తనిఖీ అధికారిణి వస్తున్నారు. "ఇంకేదైనా పాడుచేశావో, కింది తరగతిలో కూర్చోబెడతా," అని టీచరు ముందే హెచ్చరించింది. అసలే లెక్కలు ఎక్కవు, చదవమంటే అక్షరాలన్నీ కలగాపులగమైపోతాయి. కింది తరగతంటే చెల్లెలి పక్కన కూర్చోవాలి. ఇక ఆ చెల్లెలు ఇంట్లో వెక్కిరించకుండా ఊరుకుంటుందా?

అందుకే ధడేల్ చేతులు కట్టుకుని బొమ్మలా కూర్చుంది. ఆ బుద్ధికి మురిసిపోయి టీచరు ఆమెనే పిలిచింది. "హెడ్మాస్టరుగారి గదిలోంచి ఓ చాక్‌పీసు పట్రామ్మా. జాగ్రత్త!"

చాక్‌పీసు తీసిందో లేదో, అది జారి బల్లమీద పూలూ నీళ్ళూ ఉన్న ఇత్తడి కూజాలో పడింది. పూలు బయటికి తీసి, చెయ్యి లోపలికి దూర్చింది. వెళ్ళడం సులువుగానే వెళ్ళింది. రానంటే రానని మొరాయించింది. తిప్పింది, కూజాని మోకాళ్ళ మధ్య బిగించి గుంజింది. ఊహూఁ. ఇంతలో బయట అడుగుల చప్పుడు. గబగబా పూలన్నీ మణికట్టు చుట్టూ కుక్కేసి నిలబడింది.

గుమ్మంలోంచి చూసిన టీచరు కరిగిపోయింది. "మేడమ్‌కి ఇవ్వడానికి పూలు పట్టుకున్నావా! నా బంగారుతల్లే! పద, పద."

"అది కాదు టీచర్..."

"సిగ్గెందుకే, నేనున్నాగా!"

వరండాలో తనిఖీకొచ్చిన మేడమ్, పక్కనే హెడ్మాస్టరు. మేడమ్ నవ్వుతూ కూజా అందుకున్నారు. అది రాలేదు. "వదలనంటోందే!" అంటూ ఇంకాస్త లాగారు. "వదలవే!" అని టీచరు పిల్లని వెనక్కి గుంజింది. ఏడుపు ఆపుకోవడానికి ధడేల్ పిడికిలి బిగించబోయింది. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంది, చెయ్యి ఠక్కున ఊడొచ్చింది. టీచరూ పిల్లా ఒకవైపు కూలబడ్డారు. కూజాలో నీళ్ళన్నీ మేడమ్ మీద.

"చెయ్యి ఇరుక్కుంది టీచర్. చెప్పబోతే మీరు విన్లేదు," అంది ధడేల్ వెక్కుతూ.

"అబద్ధాలు కూడానా?" హెడ్మాస్టరు కూజా అందుకున్నారు. "ఇంత పెద్ద మూతిలో చెయ్యెలా ఇరుక్కుంటుంది? చూడండి మేడమ్!"

మేడమ్ చూశారు. ఆయన చెయ్యి వెళ్ళింది, రాలేదు. ముఖం ఎర్రబడేదాకా లాగారు. టీచరు సబ్బుకోసం పరిగెత్తబోయింది.

ధడేల్ ముక్కు తుడుచుకుని దగ్గరికెళ్ళింది. "లాగకండి సార్. బొటనవేలు లోపలికి మడవండి. అటు కాదు సార్, అరచేతిలోకి. ఇదిగో, నా చెయ్యి చూడండి." సారుకి అర్థం కాలేదు. విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది. ఈసారి చెయ్యి వచ్చేసింది.

"ఎంత ఓపిగ్గా చెప్పింది! ఏ తరగతి పిల్ల?" అన్నారు మేడమ్.

టీచరు ధడేల్‌ని దగ్గరికి లాక్కుంది. "మా తరగతే మేడమ్. ఎక్కడికీ పంపను."

తనిఖీ దివ్యంగా జరిగిందనే అందరూ చెప్పుకున్నారు. తడిసిన బట్టలు ఆరేదాకా మేడమ్ బడి విడిచి వెళ్ళలేదు మరి.