గున్వర్ కలలు తిన్న గురువారం

తప్పు మీది. నాలుగో అంతస్తు పండితులారా, ముమ్మాటికీ మీది. పదకొండేళ్లుగా మీ కోసం పంది పేగులు ఉడకబెట్టి, వడగట్టి, మీ వ్యాసాలకు కావలసిన చిటికెడు పొడి తీసిపెట్టిన మనిషి ఆ రోజు నాలుగుసార్లు నోరు తెరిచింది. నాలుగుసార్లూ మూయించారు. ఆమె చెప్పబోయిన ఒక్క వాక్యం చివరిదాకా విని ఉంటే, ఇంత చదువుకున్నవాళ్లు చెంపలకు తీగలు అంటించుకుని ఆస్పత్రి బెంచీ మీద రోగుల్లా వరుసగా కూర్చునేవారు కారు. జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. ఉడుక్కునేవాళ్లు ఉడుక్కోండి.

ఆ గురువారం పొద్దున ఇవార్ పెట్టుకున్న పని చాలా చిన్నది. అతను స్టాక్‌హోమ్‌లో పశువధశాల వ్యాను నడుపుతాడు. యాభై ఎనిమిదేళ్లవాడు. భార్య పోయి ఆరేళ్లయింది. నాలుగేళ్లుగా ప్రతి గురువారం మంచుగడ్డల్లో పెట్టిన నాలుగు బకెట్ల పేగులు తెచ్చి మా ప్రయోగశాల వెనక గుమ్మంలో దించుతాడు. ఆ గురువారమే ఆఖరిది. ఆ పేగుల్లోంచి తీసే పెప్టైడ్ అనే చిన్న మాంసకృత్తును ముక్కముక్కగా కూర్చి తయారుచేసే యంత్రం కొన్నారు. సోమవారం నుంచి పందులతో పనిలేదు, ఇవార్‌తోనూ పనిలేదు. అందుకని బకెట్లు దించాలి, తొమ్మిదిన్నర కాఫీకి కూర్చోవాలి, గున్వర్‌ని ఒక్క మాట అడగాలి: "శనివారం నాతో అడవికి వస్తారా? నా పుట్టగొడుగుల చోటు చూపిస్తాను." అంతే.

మా దేశంలో మనిషి తన పడవ అరువిస్తాడు, ఇంటి తాళంచెవి ఇస్తాడు. పసుపు పుట్టగొడుగులు మొలిచే తన చోటు మాత్రం సొంత తమ్ముడిక్కూడా చెప్పడు. ఇవార్ ఆ మాటను దారిలో నాలుగు ఎర్ర లైట్ల దగ్గర పైకి అనుకుని చూసుకున్నాడు. నాలుగో లైటు దగ్గర పక్క కారావిడ అద్దం పైకెత్తేసుకుంది. దేశమంతా ఎప్పుడో "నువ్వు"లోకి దిగిపోయినా అతను గున్వర్‌ని "మీరు" అనే అంటాడు.

గున్వర్‌కి యాభై నాలుగు. ప్రయోగశాలలో పనిమనిషిగా చేరి సాంకేతిక సహాయకురాలైంది. కాలేజీ గడప తొక్కలేదు. పేగులు ఉడికేలోపు చెత్తబుట్టలో పడేసిన వ్యాసాల చిత్తుప్రతులు ఏరుకుని చదివి నరాల సంగతంతా నేర్చుకుంది. నేర్చుకున్నది చెప్పడానికి వినే మనిషి కావాలి. ఆ అంతస్తులో చెప్పేవాళ్లే తప్ప వినేవాళ్లు లేరు. ఇవార్ విన్నాడు.

"మనల్ని అడక్కుండా పనిచేసే నరాలు కొన్నుంటాయి ఇవార్. గుండె దడ, చెమట, నోట్లో ఉమ్మి, చెంపల ఎరుపు, అన్నీ వాటి చేతిలోనే. వాటి చివర్లో రెండు రకాల కబుర్లుంటాయి. ఒకటి తట్టగానే వస్తుంది, వచ్చినంత తొందరగానూ పోతుంది. రెండోది నేను తీసే ఈ పెప్టైడ్. ఒక్కసారి తడితే కదలదు. మళ్లీ మళ్లీ తట్టాలి, ఆపకుండా తట్టాలి. వచ్చిందా, ఇక తొందరగా పోదు. రక్తనాళాలు వదులై ఒళ్లంతా వెచ్చబడుతుంది."

"నాలుగేళ్లు తట్టినా వస్తుందంటారా?" అనడిగాడు ఇవార్ ఒక గురువారం.

"నాలుగేళ్లు తట్టే నరం ఎక్కడుందయ్యా, పిచ్చోడా!" అని ఆమె పకపకా నవ్వింది. ఇవార్ ఖాళీ బకెట్లు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆఖరి గురువారం కదా అని ఆమె బుధవారం సాయంత్రం ఇంట్లో కలలు చేసింది. ఆ బిస్కెట్ల పేరే అది. నోట్లో పెడితే కరిగిపోతాయి. అంత గుల్లగా రావాలంటే పిండిలో అమ్మోనియా ఉప్పు వేయాలి, అది పొయ్యి వేడికి ఆవిరైపోతుంది. కొట్లో అయిపోయింది. పెప్టైడ్‌ని శుభ్రం చేయడానికి అలాంటి ఉప్పే ప్రయోగశాలలో పెద్ద డబ్బా నిండా ఉంటుంది. ఒక చెంచా పొట్లం కట్టుకుని వెళ్లింది. మా అంతస్తులో బిస్కెట్లు కాల్చేవాళ్లంతా చేసే పనే. ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు.

తొమ్మిదిన్నరకి గున్వర్ కాకుండా ఏడుగురు కాఫీకి చేరారు. బిస్కెట్ల పళ్లెం చేతులు మారింది. ఇవార్ ఒకటి తీసుకుని, గొంతు సవరించుకుని, "గున్వర్ గారూ, శనివారం..." అన్నాడు. అప్పటికే రెండు కలలు మింగి మూడోది అందుకున్న స్టెల్లన్ అడ్డం వచ్చాడు. అతను డాక్టరేటు ఉన్న పరిశోధకుడు.

"గున్వర్, కిటికీ దగ్గర పెట్టిన నా సీసా ఏది? తెల్ల పొడి. మీద 'అమ్మోనియం' అని రాసుంది."

"తెల్ల పొడా? బిస్కెట్లకి నేను ఒక చెంచా తీసింది..."

"బిస్కెట్లకా!"

మూడో కల స్టెల్లన్ కాఫీలో పడింది. సంగతేమిటంటే, ఆ మహానుభావుడు ఆర్నెల్ల పెప్టైడ్‌ని అమ్మోనియం ద్రవంలో కరిగించి, ఆరబెట్టి, సీసాలో పోశాడు. లోపలున్న దాని పేరు పొడుగ్గా ఉందని బద్ధకించి ద్రవం పేరు రాసి ఊరుకున్నాడు.

"అది ఉప్పు కాదు! ఇరవై ఆరు గురువారాల పేగుల సారం! మనందరం తినేశాం!"

"కాదు స్టెల్లన్, నేను పెద్ద డబ్బాలోంచి..."

"నువ్వాగు! నీకు తెల్లగా ఉన్నదల్లా ఒకటే!"

"తింటే ఏమవుతుంది?" అంది ఆఫీసు పని చూసే బెరిట్.

"మొహం ఎర్రబడుతుంది. గుండె దడదడలాడుతుంది. ఆ తర్వాత కడుపు కదులుతుంది."

చెప్పడం పూర్తయ్యేసరికి బెరిట్ మొహం బీట్‌రూటు ముక్కలా తయారైంది. ఒక విద్యార్థి మరుగుదొడ్డిలోకి పరిగెత్తాడు. ఇంకొకడు దాని తలుపు ముందు నిలబడి, ఒక్క క్షణం బయటికి రారా అని బతిమాలుతున్నాడు. బెరిట్ విషాల సలహా నంబరుకి ఫోను కొట్టింది.

"అది పొట్టలోకి పోతే ఏమీ..." అంది గున్వర్.

"నువ్వుండమ్మా, ఫోను మోగుతోంది! హలో! ఏడుగురం తిన్నామండీ. ఏమిటా? కలలు. అవునండీ, కలలే. వాటిలోనా? పంది పేగుల సారం. తాగామా? కాఫీ తాగాం, చెరో రెండు కప్పులు. హలో? హలో?"

అవతలివాళ్లు మంచినీళ్లు తాగి కూర్చోమన్నారట.

మరుగుదొడ్డి దగ్గరి ఇద్దరూ తిరిగొచ్చారు. అందరూ కూర్చున్నారు. స్టెల్లన్ మాత్రం లేచాడు. భయం పోయి అతని కళ్లలో ఆశ పుట్టింది. అది భయం కంటే చెడ్డది.

"ఎలాగూ మింగాం. కొలిచేద్దాం! పెప్టైడ్‌ని బిస్కెట్లో పెట్టి మనుషులకు తినిపించి కొలిచినవాడు లోకంలో లేడు!"

చర్మం కింద రక్తం ఎంత జోరుగా పారుతోందో కొలిచే పెట్టె తీసుకొచ్చాడు. చెంప మీద చిన్న బిళ్ల అంటిస్తే, తీగ గుండా కబురు వెళ్లి పెట్టెలోని కలం కాగితం మీద గీత గీస్తుంది. బిళ్లలు అంటించే పని ఎవరిది? గున్వర్‌దే.

"ముందు ఫ్రీజరు తలుపు తీసి చూడు స్టెల్లన్..."

"ముందు చెంపలు!"

ఇన్నిసార్లు నోరు మూయిస్తే ఎంత తెలిసిన మనిషికైనా తన మీద తనకే అనుమానం వస్తుంది. నిజంగానే పొరపాటు డబ్బాలో చెంచా పెట్టానేమో అని గున్వర్‌కీ అనిపించింది. ఆరుగురి గీతలూ కొంచెం లేచి, కొంచెం పడి, బుద్ధిగా సాగాయి. ఏడోవాడు ఇవార్. ఆమె అతని గడ్డం పట్టుకుని మొహం పక్కకు తిప్పి బిళ్ల అంటించింది. కలం ఒక్కసారిగా పైకి ఎగిరింది. ఆమె కాగితం సరిచేయడానికి వెళ్లింది, గీత దిగింది. తిరిగొచ్చింది, మళ్లీ లేచింది.

"అలలు అలలుగా వస్తోంది!" స్టెల్లన్ గంతేశాడు. "ఎన్ని తిన్నావు ఇవార్? అయిదా? పదా? దాచకు, ప్రాణం మీదికొస్తుంది!"

ఇవార్ జేబు తడుముకున్నాడు.

"చెప్పవయ్యా," అంది గున్వర్. "నా చేతి తిండి తిని నీకేమన్నా అయితే నేనెలా బతకను?" అంటూ అతని మణికట్టు పట్టుకుంది. కలం కాగితం అంచు దాటి పెట్టె మీద రాయడం మొదలుపెట్టింది.

"ఒక్కటి కూడా తినలేదండీ," అన్నాడు ఇవార్. జేబులోంచి ఇస్త్రీ చేసిన రుమాలు తీసి విప్పాడు. అందులో ఒక కల, కొంచెం అంచు విరిగి. "మీరు చేసింది కదా. ఇక మళ్లీ రాను కదా. దాచుకుందామని."

అందరూ ఆ రుమాలు వైపు వంగి చూశారు. దాంతో గున్వర్‌కి ఆ పొద్దున్న మొదటిసారి ఒక మాట పూర్తిగా చెప్పే వీలు చిక్కింది.

"నీ సీసా ఫ్రీజరులో ఉంది స్టెల్లన్. మంగళవారం ఎండలో వదిలేసి పోయావు. పాడైపోతుందని నేనే లోపల పెట్టి, నీలం టేపు మీద అసలు పేరు రాశాను. నేను ఉప్పు తీసింది పెద్ద డబ్బాలోంచే. ఇంకో సంగతి. పెప్టైడ్‌ని తింటే పొట్టలో మాంసం ముక్కలాగే అరిగిపోతుంది. ఆ మాట నీ వ్యాసం రెండో పేజీలోనే ఉంది. నువ్వు మర్చిపోయావు, నేను మర్చిపోలేదు."

బెరిట్ మొహం నిమిషంలో మామూలు రంగుకొచ్చింది. మరుగుదొడ్డికి పరిగెత్తిన విద్యార్థి, ఏమీ జరగనట్టు ఇంకో కల అందుకున్నాడు. భయమే అందరి నరాలనూ మీటింది. స్టెల్లన్ ఫ్రీజరు దాకా పరిగెత్తి, మంచు పట్టిన సీసాను గుండెలకు హత్తుకుని తిరిగొచ్చాడు.

"మరి ఏమీ తినని మనిషికి ఈ గీత ఏమిటి?"

అది అడగాల్సిన అవసరం అతనికి తప్ప ఎవరికీ కనిపించలేదు.

"శనివారం నాతో అడవికి వస్తారా?" అన్నాడు ఇవార్. చెంపకు బిళ్ల అలాగే ఉంది. అందరూ వింటున్నారు, కలం గీస్తూనే ఉంది. "నా పుట్టగొడుగుల చోటు చూపిస్తాను."

బెరిట్ చేయి నోటి మీదికి వెళ్లింది. గున్వర్ కాగితం వంక చూసింది. తర్వాత బిళ్లను అంచు నుంచి మెల్లగా, అంత మెల్లగా తీయనక్కరలేకపోయినా, ఊడదీసింది.

"పొడుగు బూట్లు వేసుకోవాలా?"

"వేసుకోవాలండీ. చిత్తడి నేల."

"బుట్ట నేను తెస్తాను." రుమాల్లోని బిస్కెట్‌ని రెండు ముక్కలు చేసి ఒకటి అతని చేతిలో పెట్టింది. "దాచుకుంటే మెత్తబడిపోతుంది. తిను."

శుక్రవారం నాడు స్టెల్లన్ టైపు చేయించిన నివేదిక ఇలా ఉంది: "ఏడో వ్యక్తి గీత మిగతావాటితో పొసగడం లేదు. పరికరంలో లోపం ఉండవచ్చు. లెక్కలోంచి తీసివేశాం."

చాలు. ఇప్పుడు మీరు చేయాల్సింది వినండి. ఆ ఏడో గీతను మళ్లీ లెక్కలో చేర్చండి. ఈ రోజే చేర్చండి. దాని కింద బిళ్ల అంటించిన చేయి ఎవరిదో పేరు పెట్టి రాయండి, సహాయకురాలు అని తోసేయకండి. పెట్టెను మాత్రం మరమ్మతుకు పంపకండి. ఈ అంతస్తులో సరిగ్గా పనిచేస్తున్నది అదొక్కటే.