నోవైలో పొంగిన పిండి

అమెరికాలోని నోవై ఊళ్ళో, ఆ శనివారం ఉదయం వినీత్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కారు సర్వీసుకిచ్చి, మధ్యాహ్నం తిరిగొచ్చి, తన ఫైటర్ చేప పిల్లలకు మొదటి మేత పెట్టాలి. ఇంతకుముందు రెండుసార్లు పిల్లలు పుట్టి, ఆకలికి మాడి చనిపోయాయి. వెంట్రుకంత కూడా లేని ఆ ప్రాణాలకు కదిలే మేతే కావాలి. అందుకే ఈసారి ఓట్స్ జావలో ఈస్టు కలిపి, కంటికి ఆనీ ఆనని పురుగులను పెంచాడు. వెచ్చగా ఉంటుందని ఫ్రిజ్ మీద పెట్టాడు. పెట్టింది పెరుగు డబ్బాలో. మన ఇళ్ళల్లో పెరుగు డబ్బాలో పెరుగు తప్ప అన్నీ ఉంటాయని తెలిసి కూడా దానిమీద పేరు రాయలేదు మహానుభావుడు.

అత్తగారు శేషమ్మ కాకినాడ నుంచి వచ్చి నెలయింది. ఆవిడ కూతురు, అంటే వినీత్ భార్య రేష్మ, ఆఫీసు పనిమీద ఊరెళ్ళింది. వినీత్ అలా వెళ్ళగానే పక్కింటి రజని గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఆంటీ, ఈ చలికి పిండి అస్సలు పులవట్లేదు. రేపు పాట్‌లక్‌కి తలా ఒక వంటకం తేవాలి, ఇడ్లీ నాదే. పాత పిండి కొంచెం ఉంటే ఇస్తారా? కలిపేస్తాను."

అడిగినవాళ్ళకు లేదనడం శేషమ్మకు రాదు. ఇల్లంతా వెతికి ఆ డబ్బా మూత తీసింది. పుల్లటి వాసన గుప్పుమంది.

"ఇదిగో, మా అల్లుడు ఓట్స్ దోసెలకి కలుపుకున్నట్టున్నాడు. పట్టుకెళ్ళమ్మా" అని గరిటెడు వేసింది. మిగిలింది మరీ పులిసిపోయిందని సింకులో పారబోసి, డబ్బా శుభ్రంగా తోమి బోర్లించింది.

మధ్యాహ్నానికల్లా రజని పిండి పొంగింది. ఆమె ఆనందం పట్టలేక ఫోటో తీసి, శేషమ్మ ఆంటీ దగ్గర సూపర్ పిండి ఉందని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టింది.

వినీత్ ఇల్లు చేరేసరికి ఇద్దరు ఆడవాళ్ళు గిన్నెలతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. పిండి అయిపోయిందమ్మా అని శేషమ్మ నొచ్చుకుంటోంది. బోర్లించిన డబ్బా చూడగానే అతను గబగబా వెళ్ళి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

"అత్తయ్యగారూ, ఇందులోది..."

"రజనికిచ్చాను బాబూ. మిగతాది పారబోశాను. మీకు రేపు మంచి దోసెలు పోస్తాగా!"

అత్తగారి మీద అరిచే అల్లుడు ఇంకా పుట్టలేదు. కొత్త పురుగులు ఆర్డర్ చేస్తే ఈ చలికి దారిలోనే చస్తాయి. తొట్టెలో పిల్లలు మేత కోసం తిరుగుతున్నాయి. వినీత్ ఇంట్లో వేసుకునే చెప్పులతోనే మంచులో పరుగెత్తాడు.

"రజని గారూ, ఆ పిండి వాడకండి!"

"ఎందుకండీ? ఎలా పొంగిందో చూడండి!" అంటూ ఆమె మూత తీసింది.

పిండి పైన, గిన్నె అంచు మీద, సన్నటి పొర ఒకటి మెరుస్తూ కదులుతోంది.

"బతికే ఉన్నాయి!" అని వినీత్ కేక వేశాడు.

"ఏవి?" అంది రజని.

చెప్పక తప్పలేదు. రజని గిన్నె అతని చేతిలో పెట్టేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది. పాట్‌లక్‌కి పులిహోర ఖాయమైంది.

వినీత్ ఇంటికొచ్చి, గిన్నె అంచును వేలితో తుడిచి, ఆ వేలిని తొట్టెలో ముంచాడు. పిల్లలు ఎగబడ్డాయి. చూస్తుండగానే బుల్లి పొట్టలు తెల్లగా ఉబ్బాయి. పారబోసింది పోయింది, ఇచ్చిందే మిగిలింది. శేషమ్మ తొట్టె అద్దానికి ముఖం ఆనించి చూస్తూ, "పాపం, పసివాళ్ళు! ఎంత ఆకలి మీదున్నారో బాబూ" అని కళ్ళొత్తుకుంది. వినీత్ కోపం ఎటు పోయిందో అతనికే తెలియదు. ఈసారి ఇవి బతుకుతాయని మొదటిసారి నమ్మకం కలిగింది. కొత్త డబ్బాకి ఓట్స్ జావ శేషమ్మే స్వయంగా కాచింది.

సాయంత్రం రజని ఫోన్ చేసి, గొంతు తగ్గించి అడిగింది: "ఆంటీ, పురుగులు తీసేసి ఆ పిండి ఇవ్వడం కుదురుతుందా?"