వాన లేని పాములు

ఆ శుక్రవారం ఉదయం జయరావు ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. బీయస్సీ బయాలజీ రెండో సంవత్సరం పిల్లలు ఈ సెమిస్టర్‌లో ఏయే కోర్సులు చదవాలో రాసిన ప్రణాళికను పదకొండు లోపల ఆఫీసులో ఇచ్చేయాలి. ఆ తర్వాత ఎవరు పిలిచినా పలక్కుండా స్టాఫ్ రూములో కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కాసేపు కళ్ళు మూసుకోవాలి.

నాయుడుపేటలోని ఆ డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్ళుగా ఆయన జువాలజీ చెబుతున్నాడు. బాటనీ చెప్పే ఆయన రిటైరయ్యాక బాటనీ కూడా ఆయన నెత్తినే పడింది. రెండూ కలిపి బయాలజీ చేసినప్పుడు, ఆ కలిపే పని కూడా ఆయనే చేశాడు. కోర్సుల పద్ధతి ఎన్నిసార్లు మారిందో ఆయనకిప్పుడు గుర్తులేదు. మేజర్ అన్నారు, మైనర్ అన్నారు, నైపుణ్య కోర్సు అన్నారు. మారినప్పుడల్లా కొత్త గళ్ళు గీసి పాత పాఠాలనే వాటిలో సర్దేవాడు. కప్ప గుండెకు మూడు గదులు. మొదటి సెమిస్టర్‌లో పెట్టినా అయిదో సెమిస్టర్‌లో పెట్టినా అది నాలుగో గది కట్టుకోదు.

ఈసారి చిక్కంతా నైపుణ్య కోర్సుతోనే. పోయిన ఏడాది వర్మీ కంపోస్టు పెడితే ఏడుగురు చేరారు. ఈ ఏడు ఇరవై మందైనా లేకపోతే బయాలజీ గ్రూపే ఎత్తేస్తామని యాజమాన్యం చెప్పింది. గ్రూపు ఎత్తేస్తే జయరావును ఏం చేస్తారో మాత్రం చెప్పలేదు. అడిగే ధైర్యం ఆయనకూ లేకపోయింది.

"తెలుగులో రాయండి సార్. వర్మీ అంటే ఏందో అమ్మానాయనలకు తెలీకనే పిల్లోళ్ళు చేరడం లేదు," అని ప్రిన్సిపాల్ రెబెకా ముందురోజే చెప్పింది. అందుకని జయరావు వర్మీ కంపోస్టు కొట్టేసి, చక్కటి అక్షరాలతో "వానపాముల పెంపకం" అని రాశాడు. కింద చేయించాల్సిన పనులు కూడా వివరంగా రాశాడు. కాగితాన్ని గుమాస్తా సుబ్బన్న చేతిలో పెట్టి వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు.

సుబ్బన్న శ్రద్ధగలవాడే. కంప్యూటరులో పట్టిక కొట్టాడు. అది రెండో పేజీలోకి పోతుంటే, కాగితం వృథా అవుతుందని గడులన్నీ నొక్కి కుదించాడు. నైపుణ్య కోర్సు పేరు ఇరుకు గడిలో రెండు వరుసలుగా విరిగింది. గడి ఎత్తు చాలక పై వరుస లోపలికి దాక్కుంది. ఆ వరుసలో ఉన్నది "వాన" ఒక్కటే. సుబ్బన్న దానికి ఫొటో తీసి, పిల్లలూ తల్లిదండ్రులూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు.

"నైపుణ్య కోర్సు: పాముల పెంపకం. విద్యార్థులు వాటికి రోజూ మేత వేయవలెను. చేత్తో ఏరి గుడ్లను వేరుచేయవలెను. శని, ఆదివారములు ఒక్కొక్కరు అర కిలో చొప్పున ఇంటికి తీసుకొనిపోయి పెంచవలెను."

పావుగంట గడిచింది. జయరావు కళ్ళు అప్పుడప్పుడే మూతలు పడుతుంటే సుబ్బన్న ఫోను చెవికి పెట్టుకుని వచ్చాడు.

"సార్, ఒక పాప వాళ్ళ నాయన లైన్లో ఉండాడు. అర కిలో అంటే ఎన్ని వస్తాయని అడగతా ఉండాడు."

"అయిదారు వందలు రావచ్చు," అన్నాడు జయరావు కళ్ళు తెరవకుండానే.

"అయిదారు వందలంట," అని సుబ్బన్న ఫోనులో చెప్పి, కాసేపు విని, "కరస్తాయా అంటాడు," అన్నాడు.

"వాటికి పళ్ళే ఉండవు. పిల్లలు వట్టి చేతుల్తో పట్టుకోవచ్చని చెప్పు."

సుబ్బన్న ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాడు. ఆ తండ్రి కూడా అంతే నిజాయితీగా గ్రూపులో రాశాడు. కాలేజీవాళ్ళు ఒక్కో పిల్లకు అయిదారు వందల పాములిస్తారని, పళ్ళు పీకినవే కాబట్టి వట్టి చేతుల్తో పట్టుకోవచ్చని.

ప్రిన్సిపాల్ రెబెకా ఆ సమయానికి తిరుపతిలో ఏదో సమావేశంలో ఉంది. వెంటవెంటనే పదకొండు ఫోన్లు వచ్చాయి. వేదిక మీద ఎవరో మాట్లాడుతుంటే, బల్ల కిందికి వంగి, చేయి అడ్డం పెట్టుకుని, సగం విని సగం వినక గ్రూపులో ఒక గొంతు సందేశం పెట్టింది. "ఎవురూ కంగారు పడాకండి. ఏ జీవినీ పిల్లోళ్ళ ఇండ్లకు పంపం. అన్నీ కాలేజీలోనే భద్రంగా ఉంటాయి."

దాంతో ఇళ్ళల్లో భయం తగ్గింది, హాస్టల్లో మొదలైంది. మధ్యాహ్నం కాకముందే ఆఫీసు వరండా నిండా హాస్టల్ ఆడపిల్లల పెట్టెలూ బకెట్లూ చేరాయి. వరండాలో గోల విని జయరావు లేచొచ్చి, సుబ్బన్న ఫోను లాక్కుని నోటీసు చదివాడు. రెండోసారి చదివాడు.

"సుబ్బన్నా, వాన యాడ?"

సుబ్బన్న కిటికీలోంచి తల బయటపెట్టి చూశాడు. "ఇప్పుడేం వాన సార్. మబ్బు కూడా లేదే."

జయరావు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తిట్టడానికి కూడా ఓపిక ఉండాలి. సవరణ ఎలా రాయాలో ఆయన చెబుతుండగానే గేటు దగ్గర ఖాకీ బట్టల మనిషి బండి దిగాడు. ఫారెస్టు ఆఫీసులో పనిచేసే ఏబెల్. ఎవరో ప్రిన్సిపాల్ గొంతు సందేశాన్ని ఆయనకు పంపారు.

"పాముల్ని పట్టి పెంచేది నేరం సార్. యాడ పెట్టినారో చూపించండి," అన్నాడు ఏబెల్ మర్యాదగానే.

"పాములు కావండీ, వానపాములు. టైపులో వాన పోయింది."

ఏబెల్ ఉద్యోగంలో ఇంతకన్నా మంచి అబద్ధాలే విన్నాడు. "ఒకసారి ల్యాబ్ చూస్తాను," అన్నాడు.

ల్యాబ్‌లో అరల నిండా సీసాలు. నక్షత్ర చేప, జలగ, తొండ. చివరి సీసాలో, పసుపుపచ్చగా మారిన ఫార్మలిన్‌లో, పడగ విప్పిన నాగుపాము.

"ఇదేంది సార్?"

"నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ ఉంది."

"కాగితాలు ఉండాయా?"

జయరావు నోరు తెరిచేలోపల గుమ్మం దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. బక్కపల్చటి మనిషి, చేతిలో మూతి కట్టిన గుడ్డసంచి. "నోటీసు సూసి వచ్చినా సార్. నా పేరు మునికృష్ణ. ఈ సుట్టుపక్కల పాముల్ని పట్టేది నేనే. మీకు ఎన్ని గావాల్నో చెప్పండి, తెచ్చేది నా పని. ఇది ఊరికే శాంపిలు." సంచి దానంతట అదే మెల్లగా ఒకసారి ఒత్తిగిల్లింది.

జయరావు దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. బయాలజీ గ్రూపు పోతుందని మాత్రమే పొద్దున అనుకున్నాడు. జైలు సంగతి ఆయన ప్రణాళికలో లేదు.

ఏబెల్ సంచివైపు చూసి నిట్టూర్చాడు. "మునికృష్ణా, పొద్దున రైసుమిల్లులో పట్టిన జెర్రిపోతు గదా ఇది? తీసకపోయి అడివిలో వదలమని నీకు చెప్పింది నేనే గదప్పా."

"ఆడికే పోతా ఉండానన్నా. కాలేజీ దోవలోనే గదా," అన్నాడు మునికృష్ణ.

ఇంతలో సుబ్బన్న ఒక కాగితంతో వచ్చి, చాలా చిన్న గొంతుతో, "సార్, కోర్సులో పేర్లు రాసిచ్చినోళ్ళు నలభై ఒక్కరు," అన్నాడు. ఆయన వెనకాల ఇద్దరు నిలబడి ఉన్నారు. రెండో సంవత్సరం చదివే ఫిర్దోస్, ఆమె తండ్రి ఫకృద్దీన్. బస్టాండు దగ్గర మోటార్లు చుట్టే దుకాణం ఆయనది. చేతులకింకా గ్రీజు ఉంది. పని మధ్యలో లేచి వచ్చాడంటే గట్టిగానే తిట్టడానికి వచ్చి ఉంటాడని జయరావు తల వంచుకున్నాడు.

"నలభై రెండోది మా పాప పేరు రాసుకోండి సార్," అన్నాడు ఫకృద్దీన్.

జయరావుకు అర్థం కాలేదు. ఫిర్దోస్ తండ్రివైపు చూసి, తనే చెప్పింది. "పోయిన వానల్లో ఇంటెనకాల కట్టెలు తీస్తా ఉంటే మా అమ్మీని పాము కరిచింది సార్. ఒకరు తాడు కట్టమన్నారు. ఒకరు కోసి నెత్తురు పిండమన్నారు. ఒకరు మంత్రమేసే ఆయన దగ్గరికి పొమ్మన్నారు. ముగ్గురు చెప్పిందీ చేసినాం. ఆస్పత్రికి కడాన పోయినాం. బతికింది, కాలే ఇంకా సరిగ్గా ఆనదు."

ఆమె సీసాలోని నాగుపామువైపు చూసింది. "ఆ రోజు అందరూ నన్నే చూసినారు సార్. బయాలజీ చదవతా ఉండావు గదా, చెప్పు అన్నారు. నాకు కప్ప గుండెకు మూడు గదులని తెలుసు. అంతే."

జయరావుకు నిజం చెప్పక తప్పలేదు. "ఇది ఆ పాముల కోర్సు కాదమ్మా. వానపాములు. టైపులో తప్పు పడింది."

"చేపలకు గుచ్చే ఎర్రలా సార్?" అన్నాడు ఫకృద్దీన్.

"అవే."

"సరే సార్. ఏమీ అనుకోబాకండి," అని ఆయన కూతురి భుజం మీద చేయి వేసి వెనక్కి తిరిగాడు. ఆ ఒక్క మాటా కోపంగా అని ఉంటే జయరావు ఊరుకునేవాడు. ఇరవై ఆరేళ్ళలో ఆయన్ను చాలామంది కోప్పడ్డారు. ఏమీ అనుకోవద్దన్నవాళ్ళు లేరు.

"ఆగండి," అని ఆయన స్టూలు మీంచి లేచాడు. సుబ్బన్న చేతిలో కాగితం లాక్కుని, దాని వెనకవైపు గళ్ళు గీశాడు. ఈసారి పాత పాఠం ఒక్కటీ అందులో పెట్టలేదు. విషం ఉన్నవేవి, లేనివేవి. కరిస్తే చేయాల్సినవి, చేయకూడనివి. ఆస్పత్రికి ఎంతసేపట్లో చేరాలి, చేరాక ఏం చెప్పాలి. గీస్తూ తలెత్తి, "ఏబెల్ గారూ, వారానికి ఒక గంట వస్తారా?" అన్నాడు.

ఏబెల్ సంచినీ సీసానూ మార్చి మార్చి చూశాడు. "బతికిన పాము కాలేజీలో కనపడకూడదు సార్. ఫొటోలతో చెప్పేటట్టయితే వస్తాను. ఆ సీసా సంగతి పైవాళ్ళకు రాస్తాను, ఏమంటారో చూద్దాం."

"నేనూ వస్తా. యాడ దాక్కుంటాయో ఫొటోలు సెప్పవు గదా," అన్నాడు మునికృష్ణ.

రెబెకా మూడు గంటలకు తిరుపతి నుంచి దిగింది. వరండాలో పెట్టెలూ బకెట్లూ దాటుకుంటూ ఆఫీసులోకి వచ్చి, బ్యాగు కింద పెట్టకుండానే అడిగింది. "ఈ తప్పు ఎవురిది?"

"సార్ రాసిచ్చిందే మేడమ్ నేను కొట్టింది," అన్నాడు సుబ్బన్న.

జయరావు ఒకవైపు పేర్లు, వెనకవైపు కొత్త ప్రణాళిక ఉన్న కాగితాన్ని ఆమె ముందు పెట్టాడు. అసలు సంగతి తెలిసి ఇద్దరు పేర్లు కొట్టేయించుకున్నారు, ఇంకో పదిహేడు మంది చేరారు. రెబెకా పేర్లు వేలుపెట్టి లెక్కపెట్టింది. యాభై ఏడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఈ ఆలోచన ఎవురిది?"

"నాదే మేడమ్," అన్నాడు సుబ్బన్న.

బయాలజీ గ్రూపు నిలిచింది. మొదటి క్లాసుకు యాభై ఏడుమందీ వచ్చారు. వాళ్ళతోపాటు కొందరి తల్లులూ వచ్చి గోడవారగా కూర్చున్నారు. ముందు బెంచీలో ఫిర్దోస్ తల్లి మహబూబ్ బీ కాలు చాపుకుని కూర్చుని, తాడు కట్టకూడదని ఏబెల్ చెప్పినప్పుడు కూతురివైపు తిరిగి, "ఆ పొద్దు నేను చెప్పలేదా?" అంది. చెప్పలేదని ఫిర్దోస్‌కు తెలుసు. అయినా అవునంది.

క్లాసు ముగిశాక రెబెకా జయరావును ఆఫీసుకు పిలిపించి, కుర్చీ చూపించి, టీ తెప్పించింది. ఆ గదిలో ఆయనకు టీ ఇవ్వడం అదే మొదలు.

"సార్, వచ్చే సెమిస్టర్‌కు తేళ్ళు పెట్టగలమా?"

జయరావు టీ తాగి, మూడు రోజులు సెలవు పెట్టాడు.