తొమ్మిదో నంబరు బస్సుకు నాలుగు వందల మంది

సోమవారం పొద్దున లోరెయిన్ పెల్కీ పెట్టుకున్న పని ఒక్కటే: మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళి, శనివారం ఊరి నడిబొడ్డున నిరసనకు అనుమతి తెచ్చుకోవడం. జనం ఎక్కడం లేదని తొమ్మిదో నంబరు బస్సును రద్దు చేస్తున్నారు. ఆ బస్సు ఆఖరి స్టాపు దగ్గరి వృద్ధాశ్రమంలో ఆమె చెల్లెలు నడీన్ ఉంది. చూపు మందగించి లోరెయిన్ కారు నడపడం మానేసింది. బస్సు పోతే చెల్లెల్ని చూడటానికి ఎవరో ఒకరి కాళ్ళు పట్టుకోవాలి.

కౌంటర్లో ఉన్నది డ్వైట్, ఆమె దగ్గర ఆరో తరగతి చదివినవాడు.

"ఎంతమంది వస్తారు టీచర్‌గారూ?"

బస్సు కోసం పెట్టుకున్న సంఘంలో ఉన్నది ఆమెతో కలిపి పదకొండు మంది. అయినా ఉద్యమంలో అసలు లెక్క చెప్పినవాడు ఎక్కడున్నాడు? కన్నార్పకుండా నాలుగు వందలు అని రాసేసింది.

డ్వైట్ రూల్సు పుస్తకం తిరగేశాడు. "మూడొందలు దాటితే అంబులెన్సు పెట్టాలండి. ఫైరింజను, పోలీసులు, మరుగుదొడ్లు కూడా."

"మా వాళ్ళు గొడవ చేసే రకం కాదురా. ఇద్దరు పోలీసులు చాలు."

"అప్పుడు నా ఉద్యోగం పోతుంది. పోనీ, సంఖ్య తగ్గించుకుంటారా?"

తగ్గిస్తే పరువు పోతుంది. "ఉండనీ. ఇంకా పెరుగుతారేమో."

డ్వైట్ నిట్టూర్చి ఇంకో పేజీ తిప్పాడు. దాని ప్రకారం ఆ రోజు ఊరి నడిబొడ్డుకు కార్లు రాకూడదు, ఆరోగ్య శాఖ వాళ్ళు మాత్రం తప్పక రావాలి.

శనివారం పదకొండు మందీ వచ్చారు. వాళ్ళ చుట్టూ యూనిఫారాల సముద్రం. ఆరోగ్య శాఖవాళ్ళు చేసేదేం లేక లోరెయిన్ తెచ్చిన డోనట్లను పరీక్షిస్తున్నారు.

"మిగతావాళ్ళేరమ్మా?" అన్నాడు సార్జెంటు.

"దారిలో ఉన్నారు."

"మేమే నానా తంటాలు పడి వచ్చాం. కార్లు ఊరవతల వృద్ధాశ్రమం దగ్గర పెట్టేసి, షిఫ్టు షిఫ్టుకీ బస్సులో నిలబడి రావడమే."

లోరెయిన్‌కు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గొప్పలకు పోయి చెల్లెలి బస్సును చేజేతులా పోగొట్టానని ఏడుపొచ్చింది. మంగళవారం తప్పు ఒప్పుకుందామని డ్వైట్ దగ్గరికి వెళ్ళింది.

"అబద్ధం రాశానురా. పదకొండు మందిమే."

"చూశాను లెండి. ముందు ఇది వినండి." డ్వైట్ రవాణా శాఖ ఉత్తరం చదివాడు. "శనివారం జరిపిన ప్రయాణికుల తుది లెక్కింపులో తొమ్మిదో నంబరు బస్సు కిక్కిరిసి నడిచినట్టు తేలింది. కాబట్టి రద్దు ఆలోచన విరమించుకున్నాం."

లోరెయిన్ అక్కడే కుర్చీలో కూలబడి, సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

ఆ ఉద్యమానికి ప్రజలు పదకొండు మంది వచ్చారు. మిగతా బలమంతా ప్రభుత్వమే సమకూర్చింది.