మంత్రిగారి రక్షణ ద్వారం

లోకల్ రైళ్ల మంత్రిగారు చరిత్రాత్మక ప్రకటన చేశారు. "ఇకమీదట మన రైళ్లలో ప్రమాదమంటూ జరిగితే ప్రయాణికులు పద్ధతిగా బయటపడతారు. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు బతికి బట్టకట్టే రోజులు పోయాయి" అన్నారు. సభలో చప్పట్లు మోగాయట. పేపర్లో చదివి ఇంట్లో నేనొక్కణ్ణే కొట్టాను.

ఆ పద్ధతి మొదటి ప్రదర్శన మా ఉదయం లోకల్లో, అదీ నేనూ మా అక్కా రోజూ ఎక్కే పెట్టెలోనే పెట్టారు. మా అదృష్టం అలాంటిది. ప్లాట్‌ఫాం వైపు కొత్తగా 'రక్షణ ద్వారం' అమర్చారు. దానికి రిబ్బను, రిబ్బనుకి పూలు, బయట పెద్ద తాళం. ప్రారంభోత్సవం కాకముందే ఎవరైనా ప్రమాదంలో పడి వాడేసుకుంటారేమోనని ముందుజాగ్రత్త. కొత్త తలుపు గౌరవం తగ్గకుండా, మేమంతా ఎక్కగానే ఆ వైపున్న మామూలు తలుపులన్నిటికీ సీలు వేశారు.

ప్లాట్‌ఫాం లేని రెండో వైపు దిగి, పట్టాలు దాటి అడ్డదారిన పోవడం మా పెట్టెలో అందరికీ అలవాటే. అది నేరమని భద్రతాధికారి రోజూ మైకులో మొత్తుకునేవారు, పాపం.

ప్రదర్శనకి పొగ కావాలి కదా. కాంట్రాక్టరు మంత్రిగారి బావమరిది. పొగ మెషీను అద్దెకు దొరకలేదట. అయినా పనిమీద ఆయనకున్న శ్రద్ధ చూడండి, డ్రమ్ములో తడి గోనెసంచులు అంటించి గొట్టం పెట్టెలోకి దూర్చారు. కెమెరాలకి చిక్కగా కనిపించాలని కిటికీ అద్దాలన్నీ దింపి బిగించారు. మేమంతా కళ్లు నులుముకుంటూ కూర్చున్నాం.

మా అక్కకి ఉబ్బసం. టైలరింగ్ షాపులో దూది పొడికే ఆయాసపడే మనిషి. రెండు నిమిషాల్లో ఆవిడ ఛాతీ పిల్లికూతలు మొదలుపెట్టింది.

"సార్, మా అక్కకి ఊపిరాడట్లేదు. తలుపు తీయించండి" అన్నాను, మాతోపాటే ముక్కుకి రుమాలు కట్టుకుని కూర్చున్న భద్రతాధికారితో.

"తీస్తాం. మంత్రిగారొచ్చి తీస్తారు."

"ఎప్పుడొస్తారు?"

"దారిలో ఉన్నారు."

"అప్పటిదాకా ఏం చెయ్యమంటారు?"

"ఊపిరి కాస్త పొదుపుగా వాడమనండి."

అక్క పెదాలు నల్లబడుతున్నాయి. నేనింకా అధికారిని బతిమాలుతూనే ఉన్నాను. ఆవిడ మాత్రం ఎవరినీ ఏమీ అడక్కుండా లేచి, రోజూ దిగే వైపు తలుపు తోసుకుని దిగిపోయింది. కళ్లు మూసి తెరిచేలోగా పెట్టె ఖాళీ. భద్రతాధికారి అందరికంటే వేగంగా దిగి మార్గదర్శకులయ్యారు. అక్క కంకర మీద కూలబడి పీల్చే మందు నోట్లో కొట్టుకుంది. ఆవిడ ముఖంలోకి రంగు తిరిగొచ్చాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

అప్పుడు మంత్రిగారు వచ్చారు. పక్కనే ఆయన ఫోను పట్టుకుని పి.ఎ. ఉన్నారు. ఎవరో వెండి పళ్లెంలో తాళంచెవి అందిస్తే మంత్రిగారు తీసుకుని, ఫొటో దిగి, జేబులో వేసుకున్నారు. అంతలో మమ్మల్ని చూశారు.

"నేను రాకుండా మిమ్మల్నెవరు కాపాడారు?"

మేం తలలు దించుకున్నాం.

"సరే, మళ్లీ ఎక్కండి."

"నేనెక్కను బాబూ" అంది అక్క.

"ఒక్కసారేనమ్మా. దేశం చూస్తోంది."

"చూడనివ్వండి. నేను నడిచిపోతా."

ఆవిణ్ణి చూసి ఇంకెవరూ ఎక్కడానికి కదల్లేదు. మంత్రిగారు చిన్నబుచ్చుకోలేదు. అదీ గొప్పతనమంటే. "అయితే ప్రయాణికుణ్ణి నేనే" అన్నారు. నలుగురు పట్టి రెండో వైపు నుంచి ఎక్కించారు. మళ్లీ ఎవరూ ఆ నేరం చెయ్యకుండా భద్రతాధికారి ఆ తలుపుకి చెక్కలు అడ్డం పెట్టించి మేకులు కొట్టించారు. అక్కతో సహా మమ్మల్నందర్నీ ప్లాట్‌ఫాం మీదికి తోలి చప్పట్లకు సిద్ధంగా ఉండమన్నారు. బావమరిదిగారు బావ మీద అభిమానంతో డ్రమ్ములో ఇంకో రెండు సంచులు వేశారు.

కాసేపటికి మంత్రిగారు అద్దం దగ్గరికొచ్చి చేతులు ఊపారు. మేం చప్పట్లు కొట్టాం. ఆయన అద్దాన్ని బాదారు. మేం ఇంకా గట్టిగా కొట్టాం. జేబులోంచి తాళంచెవి తీసి చూపించారు. జనంతో ఇంతగా మమేకమైన నాయకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అక్క చప్పట్లు ఆపేసింది.

"ఒరేయ్, ఆయనకి ఊపిరాడట్లేదురా. నాకు తెలుసు ఆ బాధ."

మేకులు కొట్టినతని చేతిలోంచి సుత్తి లాక్కుని కిటికీ వైపు నడిచింది. భద్రతాధికారి అడ్డం నిలబడ్డారు.

"ఆగమ్మా. అద్దం ప్రభుత్వ ఆస్తి."

"మరి లోపలున్న మనిషో?"

భద్రతాధికారి చాలాసేపు ఆలోచించారు. "పైవాళ్లని అడిగి చెప్తా" అని ఫోను తీసి మంత్రిగారికే కలిపారు.

అధికారి పక్కనే నిలబడ్డ పి.ఎ. మంత్రిగారి ఫోను ఎత్తి, "సార్ ప్రోగ్రాంలో ఉన్నారు, తర్వాత చెయ్యండి" అన్నారు.